మూల మడిచిన కార్డు

ఎనిమిదో ఎపిసోడ్ వరుసలో కొత్తగా గుచ్చిన తెల్ల కార్డు మీద పిచ్చుక వాళ్ల నాన్న జైలుకెళ్లిన కథ రాసి ఉంది.

ఆ అమ్మాయి చేతిలోని ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, బోర్డు దగ్గరికి వెళ్లి మళ్లీ చదివింది. పొరపాటు పడే వీలే లేదు.

"తెల్లవారుజాము. బేకరీ వ్యాను. స్టీరింగు ముందు పదిహేనేళ్ల కొడుకు, పక్క సీట్లో తండ్రి. సైకిలు మీద వస్తున్న మనిషిని గుద్దారు. మనిషి పోయాడు. రోడ్డంతా రొట్టెల ట్రేలు. పోలీసు వచ్చి ఎవరు నడిపారని అడిగాడు. కొడుకు తండ్రిని చూపించాడు. తండ్రి జైలుకెళ్లి అక్కడే పోయాడు."

పేర్లు లేవు. రొట్టెల ట్రేలు ఉన్నాక పేర్లతో పనేముంది?

అది సీరియల్ రచయితలు కూర్చునే గది. పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, కిటికీ లేని పక్క గోడ నిండా కార్కు బోర్డు. ఒక్కో సీనుకి ఒక్కో కార్డు. కార్డులన్నీ గుచ్చడం, అటూ ఇటూ మార్చడం పిచ్చుక పని. రచయితలు కావాలనుకునే కొత్తవాళ్లని కంపెనీ ముందుగా ఇలా సహాయకుల శిక్షణలో పెడుతుంది. గదిలో ఎవరేం మాట్లాడినా టైపు చేయాలి. పనికొచ్చిన మాటని కార్డు చేయాలి. కథలో ఏ మనిషికి ఏ సంగతి ఎప్పుడు తెలిసిందో గుర్తుపెట్టుకోవాలి. చెల్లెలి పెళ్లి గురించి మూడో ఎపిసోడ్‌లో విన్నవాడు ఆరో ఎపిసోడ్‌లో "ఏం పెళ్లి?" అంటే తిట్లు తినేది రాసినవాడు కాదు, మూల కూర్చున్న సహాయకురాలు.

అన్నిటికంటే మొదటి నియమం వేరే ఉంది. దాన్ని మొదటి రోజే సీనియర్ సహాయకురాలు చెప్పింది. ఆవిణ్ణి గదిలో అందరూ అక్క అనే పిలుస్తారు, పెద్దాయనతో సహా.

"ఈ గదిలో నీకు చెవులున్నాయి, వేళ్లున్నాయి. నోరింకా రాలేదు. శిక్షణ సవ్యంగా పూర్తయితే ఒక ఎపిసోడ్ నీ పేరు మీద రాయనిస్తారు. అప్పుడొస్తుంది నోరు."

గింజలు పొడిచినట్టు టకటకా టైపు చేస్తుందని పిచ్చుక అన్న పేరు కూడా అక్క పెట్టిందే.

ఇప్పుడు ఆ పిచ్చుక కార్డుని మూడోసారి చదివింది. ఆ కార్డు మీది సంగతి లోకానికి తెలీదు. లోకం లెక్కలో వ్యాను నడిపింది నాన్నే. నడిపింది అన్నయ్య అన్నది గడప లోపలి సంగతి. అమ్మకి, అన్నయ్యకి, తనకి తెలుసు. అమ్మకయితే అది కథ కాదు, ఊతకర్ర. అన్నయ్య పొద్దుపోయి వచ్చినా, ఇంట్లో పాలు విరిగినా, అద్దె ఇంటాయన గొణిగినా ఒకటే మాట అనేది. "అడక్కుండానే ముందుకొచ్చి నేనే నడిపానన్నాడ్రా మీ నాన్న. అలాంటివాడి పిల్లలు మీరు." ఆ మాట పట్టుకుని బట్టల కొట్లో రోజంతా నిలబడి ఇద్దరినీ పెంచింది.

అమ్మ ఈ సీరియల్ ఒక్క రోజు కూడా వదలదు. కూతురు అక్కడ చేరినప్పటినుంచి మరీనూ. చివర్లో పేర్లు పడేటప్పుడు కళ్లజోడు తుడుచుకుని మరీ చూస్తుంది, కూతురి పేరు ఇంకా పడదని తెలిసి కూడా.

ఇది ప్రసారమైతే అమ్మ గుర్తుపట్టడానికి ఒక్క నిమిషం చాలు. అదీ తప్పుడు కథ. నాన్న ముందుకు రాలేదట. కొడుకు చూపించాడట.

తలుపు చప్పుడైంది. పిచ్చుక తన మూలకి వెళ్లి కూర్చుంది.

పెద్దాయన వస్తూనే కోటు కుర్చీకి తగిలించి, బోర్డు వైపు చెయ్యి చూపించాడు. గదికి ఆయనే యజమాని. ఏ కథ ఉండాలి, ఏది పోవాలి అన్నది ఆయన నోటి మాట. "నిన్న మీరంతా వెళ్లాక గుచ్చాను. చదవండి."

మీసాలాయన చదివాడు. ఆయన పగ, ప్రతీకారం బాగా రాస్తాడని పేరు. "ఎక్కడ పట్టారు సార్ దీన్ని? గాలానికి పడ్డ చేపలా కొట్టుకుంటోంది."

"పట్టలేదు. దానంతటదే వచ్చింది."

పక్కనే డాక్టరమ్మ పెన్సిలు కొరుకుతోంది. ఆవిడ డాక్టరేం కాదు. రాసిన ప్రతి ఎపిసోడ్‌లో ఎవర్నో ఒకర్ని చంపకపోతే ఆవిడకి తోచదు కాబట్టి ఆ పేరు. "జైల్లో ఎలా పోయాడు?"

"గుండె."

"గుండెతో పోతే ఎవరు చూస్తారండీ? పక్క ఖైదీ చేత పొడిపిద్దాం."

"వద్దు. గుండే."

"పోనీ కొంచెం సేపు కొట్టుకోనిద్దాం," అంది డాక్టరమ్మ. ఇద్దరూ నవ్వారు.

పిచ్చుక టైపు చేసింది. "కొంచెం సేపు కొట్టుకోనిద్దాం." గదిలో అన్నదేదీ వదలకూడదు. నవ్వితే నవ్వినట్టు కూడా రాయాలి.

"నాకు కొడుకు నచ్చాడు," అన్నాడు మీసాలాయన, కుర్చీ వెనక్కి వాలుస్తూ. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనం మాత్రం ఎందుకు పట్టాలి? సీజను చివరిదాకా లాగుదాం. తండ్రి ఫోటోకి దండేసి, దండం పెట్టి, దానికిందే కూర్చుని అన్నం తినే కొడుకు. ప్రేక్షకులు కడుపునిండా తిడతారు."

"ఇంట్లో ఇంకెవరున్నారు?" డాక్టరమ్మ అడిగింది. "చెల్లెలు గట్రా ఉందా?"

"ఉంది. చిన్నది." పెద్దాయన కార్డునే చూస్తున్నాడు. "దానికేం తెలీదు."

టకటకలు ఆగిపోయాయి.

"ఏం పిచ్చుకా, గింజలైపోయాయా?" అన్నాడు మీసాలాయన.

పిచ్చుక తల దించుకుని మళ్లీ మొదలుపెట్టింది. "చెల్లెలు. చిన్నది. ఏం తెలీదు."

విరామానికి అందరూ కారిడార్లోకి వెళ్లారు. సిగరెట్టు తాగేవాళ్లు తాగడానికి, తాగనివాళ్లు వాళ్లని తిట్టడానికి. గదిలో పిచ్చుక ఒక్కతే మిగిలింది. తర్వాత ఆమె చేసిన పని ఈ శిక్షణ పొందినవాళ్లు తప్ప మరొకరు చేయరు. కార్డు చించలేదు, దాచలేదు. సరిదిద్దింది. కార్డు మీద తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోని స్థితికి వచ్చేసింది కాబట్టి, కొత్త కార్డు తీసి గుండ్రటి అక్షరాలతో అదే కథ రాసి, ఒక్క వాక్యం మార్చింది. "పోలీసు అడిగేలోపే తండ్రి ముందుకొచ్చి నేనే నడిపానన్నాడు." పాతది పీకి, కొత్తది గుచ్చింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అక్క.

"ఏంటది?"

"కార్డులో తప్పుంది అక్కా. సరిచేశాను."

"ఏ ఎపిసోడ్‌ని బట్టి తప్పు?"

పిచ్చుక బోర్డు వైపు చూసింది. ఈ కథ ఇప్పటిదాకా ఏ ఎపిసోడ్‌లోనూ రాలేదు. ఎవరూ చెప్పని కథలో తప్పెలా పట్టుకుంది?

అక్క ఆమె చేతిలోని పాత కార్డు తీసుకుంది. రెండుసార్లు చదివింది. రెండోసారి చదువుతుండగా ఆవిడ మొహంలో రంగు మారింది. "నాతో రా," అని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, తలుపు మూసింది.

పిచ్చుక అప్పటికే ఆగే స్థితిలో లేదు. "మీరేగా చెప్పింది?"

"ఏమన్నావు?"

"మొదటి వారంలో మీరే అడిగారు. గడప దాటని సంగతి ఒకటి చెప్పు, వేరేవాళ్ల రహస్యాలు మోసేదానికి తన రహస్యం చేజారితే ఎలా ఉంటుందో తెలియాలి అన్నారు. శిక్షణ అన్నారు. మీది మీరు చెప్పారు, నాది నేను చెప్పాను. నా జన్మలో బయట ఒక్కరికి చెప్పాను అక్కా, అది మీకు. తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టారు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే."

అక్క కోప్పడలేదు. మెట్టు మీద కూర్చుని, పక్కన కూర్చోమన్నట్టు చేత్తో తట్టింది. పిచ్చుక కూర్చోలేదు.

"నాకేం చెప్పావో గుర్తుందా? మీ నాన్న తనంతట తనే ముందుకొచ్చాడన్నావు. చెబుతూ ఏడ్చావు కూడా. ఇక్కడేముంది? కొడుకు తండ్రిని చూపించాడు. నేనే అమ్ముకునేదాన్నయితే నువ్వు చెప్పింది చెప్పినట్టు అమ్ముకునేదాన్ని కదే."

"వాళ్లు మార్చుంటారు. మార్చడమేగా వాళ్ల పని."

"మూల చూడు."

కార్డు కుడివైపు పైమూల చిన్నగా లోపలికి మడిచి ఉంది. పిచ్చుక పొద్దున చూసింది గానీ నలిగిందనుకుంది.

"ఇది నీకింకా నేర్పలేదు, ఎప్పుడో గానీ రాదు కాబట్టి," అంది అక్క. "బయటి మనిషెవరైనా తన సొంత కథ ఇస్తే పెద్దాయన మూల మడుస్తాడు. మూల మడిచిన కార్డులో జరిగినదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆయనక్కూడా హక్కు లేదు. ఇందాక డాక్టరమ్మ పొడిపిద్దామంటే వద్దన్నాడు చూడు, అందుకే. ఇచ్చినవాళ్లు ఎలా చెబితే అలాగే. స్క్రిప్టుకి వెళ్లేలోపు ఇచ్చినవాళ్లు తమ నోటితో వద్దంటే పీకేస్తాడు. ఆయనలో సవాలక్ష అవలక్షణాలున్నాయి గానీ, ఈ ఒక్క మాట మాత్రం తప్పడు."

"ఎవరిచ్చారు?"

"అది ఆయన చెప్పడు. నువ్వే చెప్పాలి. ఎవరికి ఏం తెలుసన్నది చూడటం నీ పనే కదా. చెయ్యి. ఆ రోడ్డు మీద ఎవరెవరున్నారు?"

పిచ్చుక యాంత్రికంగా మొదలుపెట్టింది. "నాన్న. సైకిలాయన."

"ఇద్దరూ లేరు."

"మా అమ్మా నేనూ ఇంట్లో నిద్రపోతున్నాం. రోడ్డు మీద ఎవరు ముందు నోరు తెరిచారో మేం చూడలేదు." ఆగింది. "పోలీసు ఉన్నాడు. పోలీసే చెప్పుంటాడు."

"కొడుకు నడిపాడని పోలీసుకి తెలిస్తే తండ్రినెందుకు తీసుకెళ్తాడు?"

కింద అంతస్తులో ఎవరో దగ్గారు. తలుపు వేసుకుని వెళ్లిపోయారు.

ఎవరు నడిపారో తెలిసి, పోలీసుకి ఎవరు చెప్పారో కూడా తెలిసినవాడు లోకంలో ఒక్కడే మిగిలాడు. పిచ్చుక ఆ పేరు పైకి అనలేదు. గోడకి ఆనుకుని జారి, అక్క పక్కన మెట్టు మీద కూర్చుంది.

"అది అబద్ధమైనా అయ్యుండాలి," అంది. "తన మీద తనే అబద్ధం చెప్పుకుని ఉండాలి."

"అడుగు. సాయంత్రం ఇది స్క్రిప్టుకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత దేవుడొచ్చినా ఆగదు. ఈ పాత కార్డు మళ్లీ గుచ్చి, ఈ పూట నీ బదులు నేను టైపు చేస్తాను."

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. ఆ ప్రమాదం తర్వాత మళ్లీ స్టీరింగు ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నవాడు, నడవడానికి కాళ్లు, ఎక్కడానికి తన లిఫ్టులు చాలునని నవ్వుతూ ఉంటాడు. పిచ్చుక వెళ్లేసరికి నది ఒడ్డున ఆఫీసు భవనం పైకప్పు మీద, మోటారు గదిలో ఉన్నాడు. ఇరుకు గది. మధ్యలో మనిషి నడుం ఎత్తు చక్రం, దాని మీంచి నేలలో కన్నంలోకి దిగిపోయిన ఇనప తాళ్లు. నూనె వాసన. మూల స్టూలు మీద టిఫిను డబ్బా.

"ఏంటే చిన్నీ, ఈ వేళప్పుడు?" గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నిన్ను గానీ తరిమేశారా?"

"మన సంగతి బోర్డు మీదికి ఎక్కింది అన్నయ్యా. ఎవరో చెప్పేశారు." దారంతా కట్టుకొచ్చిన మాటలివి. 'ఎవరు?' అని అరుస్తాడని, చొక్కా చేతులు మడుస్తాడని ఎదురుచూసింది. అరిస్తే చాలనుకుంది. "ఎనిమిదో ఎపిసోడ్‌లో పెడుతున్నారు."

అన్నయ్య గుడ్డ కింద పెట్టాడు.

"ఎనిమిదా? చివర్లో పెడతానన్నాడే."

మోటారు ఒక్కసారి గుర్రుమంది. చక్రం తిరిగింది. కింద ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. చక్రం ఆగింది.

పిచ్చుక తన ఫోను తీసి అతని ముందు పెట్టింది. "పెద్దాయన నంబరుంది. వద్దని చెప్పు. నీ నోటితో చెబితే పీకేస్తాడు."

అతను ఫోను వైపు చూడలేదు. "కూర్చో."

"కూర్చోను. ఎందుకు చెప్పావు?"

"చెబుదామని చెప్పలేదే. ఆయన ఆఫీసు లిఫ్టు కూడా మా కంపెనీదే. ఒకరోజు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. లోపల ఆయనొక్కడే. తలుపు బాదుతున్నాడు, ఊపిరాడటం లేదంటున్నాడు. అలాంటప్పుడు ఒకడు మిషను చూస్తే ఇంకొకడు తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉండాలి. మా పని అది. నేను నిలబడ్డాను. సినిమాల గురించి మాట్లాడాను, అద్దె గురించి మాట్లాడాను. నా దగ్గరున్నవన్నీ అయిపోయాయి. ఆపకు, ఆపితే చచ్చిపోతానన్నాడు. ఇంకేం మిగిలిందే నా దగ్గర? అదొక్కటే మిగిలింది. మనిషి కనపడటం లేదు కదా అని తలుపుకి చెప్పుకున్నట్టు చెప్పేశాను."

"తలుపుకి చెప్పింది బోర్డు మీదికెలా వచ్చింది?"

అన్నయ్య గోళ్లలోని నల్లటి నూనెని చూసుకున్నాడు.

"తెరిచాక చెమటతో బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ కథ నాకిస్తావా అన్నాడు. మా చెల్లెలు రాస్తుంది సార్, మీ గదిలో కూర్చోబెట్టుకుంటారా అన్నాను."

పిచ్చుక వెనక్కి లెక్కేసుకుంది. శిక్షణ ప్రకటన ఇంటికి తెచ్చింది అన్నయ్యే. దరఖాస్తు నింపమని వెంటపడింది అన్నయ్యే. పరీక్షకి రాసిన సీనుని ఆమె ఎన్నిసార్లు చించి మళ్లీ రాసిందో, ఎంపికైన రోజు అమ్మ వీధిలో ఎంతమందికి చెప్పిందో.

"నా సీను బాగుందన్నాడాయన. మొదటి రోజు, అందరి ముందూ."

"బాగుండే ఉంటుంది."

"చదివాడా?"

అన్నయ్య గుడ్డ తీసి మళ్లీ చేతులు తుడుచుకున్నాడు. "నీ పేరు రాసుకునేప్పటికి నువ్వింకా పరీక్ష రాయలేదే."

"అయితే నాన్నని ఇచ్చి నాకు కుర్చీ కొన్నావు." పిచ్చుక ఫోనుని అతని వైపు తోసింది. "కొని, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నాన్న చావు మీద వాళ్లు వేసిన జోకులన్నీ నా చేతే టైపు చేయించావు. నవ్వులతో సహా టైపు చేశాను అన్నయ్యా. ఏం తెలీని చెల్లెలట. అది కూడా నేనే కొట్టాను."

"చివర్లో పెడతానన్నాడు. అప్పటికి నీకు చెబుదామనుకున్నాను."

"ఇప్పుడు చెప్పావుగా. ఫోను చెయ్యి. నన్ను తీసేసినా ఫర్వాలేదు. అమ్మ చూడకూడదు."

"చెయ్యను."

పిచ్చుక అతని మొహంలోకి చూసింది. చిన్నప్పుడు జడలు వేస్తుంటే అద్దంలో కనిపించింది ఆ మొహమే, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటే తలెత్తి చూసింది ఆ మొహమే. అందులో ఇప్పుడు భయం లేదు. అదే ఆమెని భయపెట్టింది.

"అమ్మ చూడాలనే ఇచ్చాను," అన్నాడు. "ఎన్నిసార్లు ఆవిడ ముందు కూర్చున్నానో నీకు తెలీదు. అమ్మా అని మొదలుపెట్టగానే, 'అడక్కుండానే ముందుకొచ్చాడ్రా మీ నాన్న' అంటుంది. నా తల నిమురుతూ అంటుంది. ఇంక నా నోరెలా పెగులుతుందే? ఆ టీవీలో అయినా చూడాలి. చూసి నా వైపు తిరగాలి. తిట్టనీ, ఇంట్లోంచి పొమ్మననీ."

"నీ బరువు దించుకోవడానికి ఆవిడకున్న ఒక్క ఊతా లాగేస్తావా?"

"అది అబద్ధపు ఊత. పెట్టింది నేనే. ఇంటికొచ్చి ఆవిడకి అలా చెప్పింది నేనే."

"కార్డులో ఉన్నది నిజమా?" పిచ్చుక అడిగింది. అడగకుండా వెళ్లిపోదామని కూడా ఒక క్షణం అనిపించింది. "కొడుకు చూపించాడు అని ఉంది. అది నిజమా?"

అన్నయ్య చక్రానికి ఆనుకోబోయి, ఆనుకోకూడదని గుర్తొచ్చి, గోడ పక్కకి జరిగాడు.

"నేర్పమని నేనే పీడించాను. ఖాళీ రోడ్డు కదా అని ఇచ్చాడు నాన్న. ఆయన పక్కకి తిరిగి వెనక ట్రేలు సర్దుతుంటే నేను వేగం పెంచాను, ఆయన చూడటం లేదు కదా అని. మలుపులో సైకిలు. బ్రేకు దొరకలేదు నాకు. నాన్న దూకి ఆ మనిషి దగ్గరికి పరిగెత్తాడు. చొక్కా విప్పి ఆయన తల కింద పెట్టాడు. పోలీసు జీపు వచ్చేటప్పటికి నాన్న ఇంకా అక్కడే మోకాళ్ల మీద ఉన్నాడు, ఇటు చూడను కూడా లేదు. పోలీసు నన్నే అడిగాడు, నేను నిలబడి ఉన్నాను కాబట్టి. ఎవరు నడిపారురా అన్నాడు. అంతే, కొట్టలేదు, తిట్టలేదు, మామూలుగా అడిగాడు. మా నాన్న అన్నాను. వేలు కూడా చూపించాను. నాన్నకి వినపడింది. తల తిప్పి నన్ను చూశాడు. కాదంటాడనుకున్నాను. కాదంటే ఒప్పేసుకుందామని కూడా అనుకున్నానే, నీ మీద ఒట్టు. ఆయన అనలేదు. లేచి నా దగ్గరికొచ్చాడు. వ్యాను తాళాలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి, పోలీసు చూడలేదు. నాన్న చూశాడు. చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, నా వేళ్లు ఒక్కోటీ విప్పి తీసేసుకున్నాడు. నేను ఇచ్చేశాను."